పదకొండు నెలలు

పంది మెడమాంసం మీది కొవ్వు తియ్యాలంటే కత్తిని పడుకోబెట్టి నడపాలి. నిలబెడితే కండ తెగుతుంది, మాంసం ధర పడిపోతుంది. మిరాన్ చేతులకి ఆ సంగతి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. మంగళవారం పొద్దున్న బెల్టు దగ్గర ఆ చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎడమచేతికి ఇనుప గొలుసుల తొడుగు, దాని కింద నూలు తొడుగు, దాని కింద చలికి మొద్దుబారిన వేళ్ళు. మనసు మాత్రం లెక్కలో ఉంది. పదకొండు నెలలు. వచ్చే అక్టోబరు జీతం పడితే అయిపోతుంది.

"ఏమే పిసినారి ఉప్పుకల్లూ, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు? షేర్లు పెరిగాయా?" అంది పక్క బల్ల దగ్గరున్న గిల్-జా అక్క.

"పెరగలేదక్కా. తరగలేదు కూడా."

"ఏభై కోట్ల వన్లు అవగానే మానేస్తావు. నామ్హే వెళ్ళి సముద్రం ఒడ్డున గది తీసుకుంటావు. ఆ తర్వాత ఏం చేస్తావే?"

"నిద్రపోతాను."

"దానికి ఏభై కోట్లెందుకే పిచ్చిదానా? మా ఇంట్లో పరుపుంది. రా, పడుకో."

బెల్టుకి అవతలివైపు ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మిరాన్ కూడా నవ్వింది. ఈ ఫ్యాక్టరీకి వచ్చిన మొదటివారం ఆమెకి కత్తి పట్టుకోవడం నేర్పింది గిల్-జాయే. ఇద్దరివీ ఏడో బల్ల, ఎనిమిదో బల్ల. మధ్యాహ్నం మిరాన్ డబ్బాలో అన్నం, ముల్లంగి పచ్చడి తప్ప ఇంకేమీ ఉండవని గిల్-జా రోజూ రెండు గుడ్లు ఎక్కువ ఉడకబెట్టి తెస్తుంది. పెడుతూ తిడుతుంది.

నవ్వులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మేస్త్రీ బాంగ్ వస్తున్నాడు.

బాంగ్ చేతిలో ఎప్పుడూ కత్తులు నూరే ఇనుప కడ్డీ ఉంటుంది. దాంతో అతను కత్తి నూరగా ఎవరూ చూడలేదు. గొడ్లని అదిలించినట్టు వీపుల మీద తడుతూ నడుస్తాడు. ఇవాళ ఎవరినీ తట్టలేదు. తిన్నగా వచ్చాడు.

"ఏడో నంబరు బల్ల ఎవరిది?"

అతనికి తెలీక కాదు. గిల్-జా కత్తి ఆపకుండానే, "నాదే మేస్త్రీ గారూ" అంది.

అతను జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సంచీ తీశాడు. అందులో చిటికెనవేలి గోరంత ఎముక పెచ్చు. "దేగూ హోటలు వాడు పంపాడు. తినేవాడి పన్ను విరిగిందట. నలభై పెట్టెలు వాపసు."

"గంటకి అరవై ముక్కలు పోయే బెల్టుని ఎనభైకి పెంచితిరి. నాకున్నవి రెండు చేతులేగా."

"నోరు తెరువు."

"ఏంటీ?"

"వాడు నమిలాడు కదా. నువ్వూ నమిలి చూడు."

గిల్-జా వేళాకోళమనుకుంది. ఆమె పెదాలు నవ్వుకి విచ్చుకుంటుండగానే బాంగ్ ఎడంచేత్తో ఆమె దవడలు రెండూ నొక్కిపట్టాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి తల కోడిపిల్ల తలలా అతని గుప్పిట్లో ఇరుక్కుంది. ఎముక పెచ్చు లోపలికి తోసి, అరచేత్తో నోరు మూసేశాడు.

"నములు."

ఆమె ముక్కుతో బుసకొడుతూ నమిలింది. బెల్టు రొదలో కూడా ఆ చప్పుడు మిరాన్‌కి వినబడింది. బాంగ్ చెయ్యి తీసేసరికి గిల్-జా ఒక్క క్షణం నిలబడి, నోట్లో ఉన్నదంతా, ఎముక, నెత్తురు, ఉమ్మి, అతని మొహం మీద ఉమ్మేసింది.

కడ్డీ మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మొహం మీద. గిల్-జా అరవలేదు. తడిబట్ట నేలకేసి కొట్టినట్టు చప్పుడైంది, అంతే. ఆమె బల్లకీ ఎముకల తొట్టికీ మధ్య పడిపోయింది. పడ్డాక డొక్కలో బూటుతో తన్నాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

మిరాన్ రెండడుగుల దూరంలో ఉంది. తర్వాత ఎన్నోసార్లు ఆమెకి గుర్తొచ్చింది ఆ కడ్డీ కాదు, తన చేతులు. అవి ఆగలేదు. ఆ కాసేపట్లో మూడు ముక్కలు పూర్తిచేశాయి. కండ ఎక్కడా తెగలేదు.

బల్ల కింద నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె రబ్బరు బూటు పట్టుకుంది. "మిరానూ" అంది గిల్-జా, చిన్నగా, ఉప్పు అందించమన్నట్టు మామూలుగా.

మిరాన్ కాలు వెనక్కి లాక్కోలేదు. వంగనూ లేదు.

"చూసింది చాలు, బెల్టు నడుస్తోంది!" అని బాంగ్ అరిచాడు. ఇద్దరు వచ్చి గిల్-జాని చంకల కింద పట్టుకుని సామాన్ల వ్యాన్ వైపు తీసుకెళ్ళారు. ఎవరో గొట్టంతో నేల కడిగారు. అక్కడ రోజూ నెత్తురే కడుగుతారు కాబట్టి, కడిగాక ఏ తేడా కనబడలేదు.

*

బుధవారం భోజనాల వేళ మేనేజరు హామ్ పిలిపించాడు. అతని గదిలో హీటరు ఉంది. పన్నెండేళ్ళ కింద మిరాన్ మొదటిసారి ఆ గదిలోకి వచ్చినప్పుడు కూడా అదే హీటరు. వేళ్ళలోకి వేడి దిగుతుంటే సూదులు గుచ్చినట్టుంది.

"కూర్చోండి మిరాన్ గారూ. కాఫీ తాగండి." కాగితం కప్పులో తనే కలిపి ఇచ్చాడు. ఊరికే వచ్చేది మిరాన్ ఎప్పుడూ వదిలిపెట్టదు. తాగింది.

అతను ఒక కాగితం ఆమె వైపు జరిపాడు. నేల మీది కొవ్వుకి కాలు జారి, బల్ల అంచు కంటికి తగిలి గిల్-జా గాయపడిందనీ, ఆమెని ఎవరూ ముట్టుకోలేదనీ, తాము కళ్ళారా చూశామనీ రాసి ఉంది. కింద పది సంతకాలు ఉన్నాయి.

"మీరొక్కరే మిగిలారు. పక్క బల్ల మీదే కదా, మీ సంతకం లేకపోతే బావుండదు."

"అక్కకి ఎలా ఉందండీ?"

"చూస్తున్నారు డాక్టర్లు. ఖర్చంతా మేమే పెట్టుకుంటున్నాం. జాలి లేని వాళ్ళమా మేము?" హామ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మా ఆవిడకి మీ గురించి చెప్తుంటాను తెలుసా? నలభై అయిదుకే పని మానేసి సొంత డబ్బు మీద బతకడమంటే మాటలా! మేమిద్దరం సంపాదిస్తూ కూడా క్రెడిట్ కార్డు కట్టలేక చస్తున్నాం. ఇంకా ఎన్నాళ్ళు మీకు?"

"పదకొండు నెలలు."

"అదే. జనవరిలో మన కాంట్రాక్టు కంపెనీ పేరు మారుతోంది. పాతది మూసేసి కొత్తది తెరుస్తాం. కాగితాల మీదే అనుకోండి. కొత్తదాంట్లోకి ఎవర్ని తీసుకోవాలో జాబితా నేనే రాస్తున్నాను." అతను నవ్వాడు. "నలభై నాలుగేళ్ళ ఆడమనిషికి బయట కొత్తగా పని దొరకడం కష్టం. చలికాలం మరీను."

అతని గొంతులో బెదిరింపు లేదు. వానొచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్ళండి అన్నట్టు చెప్పాడు. మిరాన్ కలం తీసుకుంది. వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు. సంతకం వంకరపోయింది.

"పరవాలేదు, పరవాలేదు" అన్నాడు హామ్.

సాయంత్రం బస్సులో ఆమె ఫోను తీసి చూసుకుంది. నలభై ఆరు కోట్లా ఇరవై లక్షల వన్లు. అమెరికా షేర్ల ఫండు కొంత, బాండ్లు కొంత, బ్యాంకులో కొంత. రోజూ ఆ అంకె చూడగానే మెడ నరాలు వదులయ్యేవి. ఇవాళా అంకె అక్కడే ఉంది. ఎవరూ ఎత్తుకుపోలేదు. మెడ మాత్రం అలాగే బిగుసుకుని ఉంది.

*

గురువారం షిఫ్టు అయ్యాక ఆస్పత్రికి వెళ్ళింది. ఆస్పత్రి ఎదురుగా ఉన్న రెండు కొట్లలోనూ ధర అడిగి, తక్కువ చెప్పిన చోట సోయాపాల సీసాల పెట్టె కొంది. మెట్లెక్కుతుంటే ఆ సంగతికి సిగ్గేసింది.

గిల్-జా కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉంది. మొహం సగం కట్లలో ఉంది. మిగతా సగం ఉబ్బి, వంకాయ రంగులోకి తిరిగింది. ఒక్క కన్నుతో మిరాన్‌ని చూసి, "వచ్చావా" అంది. "కూర్చో. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, జాగ్రత్త."

మిరాన్ కూర్చుంది. పెట్టె విప్పి ఒక సీసా అక్క చేతికిచ్చింది.

"ఎడమ కన్ను పోయిందట" అంది గిల్-జా. "పొద్దున్న చెప్పారు. లోపల గుడ్డు చిట్లిందట. పని మీద తగిలిన దెబ్బ అని తేలితే ప్రభుత్వం నెలనెలా ఇస్తుందిట. కాలు జారిందని రాస్తే కూడా ఏదో కొంత వస్తుంది. కానీ వాడు బయట తిరుగుతాడు కదే." ఆమె సీసా మూత తియ్యడానికి తంటాలు పడి మానేసింది. "పోలీసులొస్తారు. నువ్వు పక్కనే ఉన్నావు కదా, నువ్వు చెప్పు. మిగతావాళ్ళు చెప్పినా చెప్పకపోయినా."

మిరాన్ పెట్టెలో సీసాలు సర్దింది.

గిల్-జా ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "సంతకం పెట్టావా?"

"పెట్టానక్కా."

"ఏమని?"

"కాలు జారిందని."

"ఎవరి కాలు?"

"జనవరిలో కంపెనీ మారుస్తున్నారక్కా. జాబితాలో లేకపోతే... పదకొండు నెలలే కదా, అందుకని..."

"మూడేళ్ళ కిందట ముప్ఫై కోట్లయితే చాలన్నావు" అంది గిల్-జా. గొంతు పెరగలేదు. "నెలకి తొమ్మిది లక్షలతో బతికేదానివి, నీ లెక్క ప్రకారమే నెలకి పది లక్షలొస్తాయి, చాలని చెప్పావు. అయ్యాయి. ఆ సాయంత్రం సోజు మందు నేనే పోయించాను, నువ్వు పర్సు తియ్యవని. మర్నాడు బెల్టు దగ్గర నలభై అన్నావు. నలభై అయ్యాక ఏభై. ఏభై అయ్యాక ఎంతే?"

"ధరలు పెరుగుతున్నాయక్కా. జబ్బు చేస్తే..."

సీసా వచ్చి ఆమె కనుబొమకి తగిలింది. దగ్గరనుంచే విసిరినా ఒంటికన్ను కాబట్టి గురి కొంచెం తప్పింది. నేలమీద పడి పగిలి, పాలు మంచాల కిందికి పారాయి. పక్క మంచం ముసలామె కెవ్వుమంది. మిరాన్ కనుబొమ చీలి నెత్తురు కంట్లోకి దిగుతుంటే, ఆమె నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టింది.

"ఏరకు" అంది గిల్-జా. "నువ్వు చేసే పనులు నేను చూడలేను. పో."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. మిరాన్ పెంకులన్నీ ఏరి, చెత్తబుట్టలో వేసి, వెళ్ళింది.

*

శుక్రవారం ఏడో బల్లా ఎనిమిదో బల్లా రెండూ మిరాన్‌వే అయ్యాయి. "ఒకళ్ళకి ఇద్దరి పని, ఒకళ్ళ జీతమే" అని అవతలివైపునుంచి థ్వీ గొణిగింది. వియత్నాం నుంచి పెళ్ళి చేసుకుని వచ్చిన పిల్ల, ఆరేళ్ళుగా అదే బెల్టు మీద ఉంది. ముక్కలు ఒకదానిమీదొకటి వచ్చి పడుతున్నాయి. కనుబొమ మీది పట్టీ చెమటకి ఊడి వేలాడుతోంది.

పదింటికి బాంగ్ వచ్చాడు. ఆమె పెట్టెలో చెయ్యి పెట్టి వెతికాడు. ముక్కలు తిరగేశాడు. చివరికి ఏదో పట్టుకుని వెలుతురులో ఎత్తి చూశాడు. గట్టి ఎముక కూడా కాదు, మెత్తగా వంగే కొన, పంటికింద నలిగిపోయేది.

"ఏమిటిది?"

"మెత్తటి ఎముకండీ. దాన్ని ఉంచమనే..."

"నోరు తెరువు."

చుట్టుపక్కల కత్తుల చప్పుడు మందగించింది. మిరాన్ అతని కళ్ళలోకి చూసింది. అక్కడ కోపమేమీ లేదు. సంతకం పెట్టిన మనిషి ఏం చేస్తుందో తెలిసిన నిబ్బరం ఉంది. తల దించితే తన చెయ్యి కనబడింది. ఆ చేతిలో కత్తి ఉంది. కొన అతని పొట్ట వైపు తిరిగి ఉంది. తను తిప్పలేదు, దానంతటదే తిరిగింది. నడుముపట్టీకి పైన, మెత్తగా ఉండే చోటు ఎక్కడో ఆ చేతికి బాగా తెలుసు. ఎంత లోతు, ఎటు తిప్పాలి, అన్నీ తెలుసు. ఒక్క అడుగు.

ఆమె కత్తిని ఎత్తి బెల్టు మీదుగా అవతలికి విసిరేసింది. అది గోడకి తగిలి టంగుమంది. అదే ఊపులో వెనక స్తంభానికున్న ఎర్ర బటన్ మీద పిడికిలితో గుద్దింది.

బెల్టు ఆగిపోయింది.

ఆమె పనిచేసిన ఇన్నేళ్ళలో ఆ బటన్ ఎవరూ నొక్కలేదు. ఒకసారి ఎవరిదో వేలు తెగినా నొక్కలేదు. మోటార్లు ఆగేసరికి, ఆ గదిలో ఎందరు ఊపిరి తీస్తున్నారో వినబడింది.

"తిప్పు" అన్నాడు బాంగ్. "మళ్ళీ నడిపించు. నిమిషానికి ఎంత పోతుందో తెలుసా నీకు?"

మిరాన్ స్తంభానికి వీపు ఆనించి, చేతులు రెండూ వెనక్కి పెట్టి దాన్ని కౌగలించుకుంది. బటన్ ఆమె నడుము వెనక ఉంది.

"నువ్వే కొట్టావు" అంది. గొంతు పీలగా వచ్చింది. కడ్డీ ఆమె భుజం మీద పడింది. "అక్క కాలు జారలేదు" అంది, ఇంకొంచెం గట్టిగా. కడ్డీ మెడ ఎముక మీద పడింది. కళ్ళముందు తెల్లటి మెరుపు మెరిసింది. "నేను అబద్ధం మీద సంతకం పెట్టాను! నేను చూశాను! ఎముక నమిలించావు! కింద పడ్డాక తన్నావు!" దెబ్బ తర్వాత దెబ్బ. ఏ దెబ్బకి ఏ మాట అన్నదో ఆమెకే తెలీలేదు. అతను ఆమె ఎడమచేతిని స్తంభం నుంచి ఊడలాగి, మోచేతి కింద కొట్టాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆమె కూలబడింది. కూలబడి కూడా కుడిచేత్తో స్తంభం వదల్లేదు.

కడ్డీ మళ్ళీ పైకి లేచింది. లేచినది దిగలేదు.

థ్వీ బెల్టు దాటి వచ్చి గొలుసుల తొడుగున్న చేత్తో కడ్డీ పట్టుకుంది. బాంగ్ ఆమె మొహం మీద గుద్దాడు. ముక్కులోంచి నెత్తురు బుళుక్కుమన్నా ఆమె వదల్లేదు. ఇంకో గొలుసుల చెయ్యి పడింది. ఇంకోటి. ఎవరిదో బూటు అతని మోకాలి వెనక తన్నింది. బాంగ్ ఎముకల తొట్టిలోకి వెల్లకిలా పడ్డాడు. లేవబోయినప్పుడల్లా కొవ్వుకి చేతులు జారిపోయాయి. పదిమంది ఆడవాళ్ళు తొట్టి చుట్టూ నిలబడి చూశారు. ఒక్కళ్ళూ కొట్టలేదు. ఒక్కళ్ళూ చెయ్యందించలేదు.

మేనేజరు హామ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైంది? బెల్టు ఎందుకాగింది?"

"నేనూ చూశాను" అంది థ్వీ, నెత్తురు మింగుతూ. "నేనూ సంతకం పెట్టాను. ఆ కాగితం తీసుకురండి."

*

శనివారం మిరాన్ ఫోనుకి సందేశం వచ్చింది, ఇక పనికి రానక్కర్లేదని. సోమవారం పొద్దున్న ఆమె ఎడమచేతికి పిండికట్టుతో కార్మికశాఖ కార్యాలయంలో కూర్చుని ఉంది. ఎదురుగా ఇన్‌స్పెక్టరు, ముప్ఫై ఏళ్ళుంటాయి, జరిగిందంతా కంప్యూటరులో ఎక్కిస్తున్నాడు. బాంగ్ అప్పటికి పోలీసుల దగ్గర ఉన్నాడు. థ్వీ, ఇంకో నలుగురు పక్క గదిలో తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు.

"బుధవారం అలా రాసిచ్చి, ఇప్పుడు ఇలా చెప్తున్నారు కదా. ముందు ఎందుకు సంతకం పెట్టారో కూడా రాయాలి" అన్నాడతను. "బెదిరించారా?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

"అప్పులున్నాయా మీకు?"

"లేవండి."

"పిల్లలు? అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి ఉన్నారా?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే."

"మరి? దాచుకున్నదేమైనా ఉందా?"

మిరాన్ చెప్పింది. ఆ అంకె గిల్-జాకి తప్ప ఇంకెవరికీ ఆమె పైకి చెప్పలేదు. అతని వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. తల తిప్పి ఆమెని చూశాడు. ఊడొచ్చిన దారాల స్వెట్టరు, పాత బూట్లు, కనుబొమ మీద కుట్లు. అతని చూపులో వెక్కిరింత లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"అంత ఉండి కూడా భయపడ్డారా?"

మిరాన్ పిండికట్టు అంచు గోటితో గీకింది.

"ఏమీ లేనప్పుడు ఇంత భయం ఉండేది కాదండీ" అంది. "అది కూడా రాయండి."

అతను తెర వైపు చూసి, తల గోక్కుని, "దానికి ఇందులో గడి లేదండీ" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, ఉద్యోగం పోతుందన్న భయంతో, అని మాత్రం రాశాడు. కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె కుడిచేత్తో, నెమ్మదిగా, అక్షరం అక్షరం విడిగా కనబడేలా సంతకం చేసింది.

బయట మెట్లమీద చలిగాలి కొడుతోంది. ఫోను తీసి గిల్-జాకి చేసింది. చాలాసేపు మోగింది.

"చెప్పు."

"అక్కా, నేను మిరాన్‌ని. చెప్పేశానక్కా. అంతా. పాత కాగితం కొట్టేయించాను."

అవతల ఆస్పత్రి వార్డులో ఎవరో దగ్గుతున్నారు.

"నీ చెయ్యి విరిచాడటగా" అంది గిల్-జా చివరికి. "థ్వీ చెప్పింది."

"ఎడమది. పరవాలేదు."

"బుద్ధి లేనిదానా. కత్తి చేతిలో ఉంచుకుని పారేశావట."

"పారేశాను."

"మంచి పని చేశావులే." గొంతు సవరించుకున్న చప్పుడు. "నేనింకా నిన్ను క్షమించలేదు. తెలుసా?"

"తెలుసక్కా."

"రేపు బుసాన్ పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కన్ను తీసేస్తారో ఉంచుతారో అక్కడ చెప్తారట. నాకు ఎడమవైపు ఏదీ కనబడి చావడం లేదు, బస్సు మెట్లు కూడా. పక్కన ఒక మనిషి ఉండాలి. తొమ్మిదింటికి బస్సు. నీకిప్పుడు ఖాళీయేగా?"

"ఖాళీయే అక్కా" అంది మిరాన్.